ఎండకు కరగని పండ్ల జెల్లీ

పెళ్లి విందుల్లో ఫ్రూట్ సలాడ్ గిన్నె పక్కన ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో వణుకుతూ కనిపించే జెల్లీ ముక్కలు మీకు తెలిసినవే. రంగులు మూడైనా రుచి మాత్రం దాదాపు ఒకటే. పండు పేరు ప్యాకెట్ మీద ఉంటుంది గాని ప్యాకెట్ లోపల పండు ఉండటం అరుదు. ఇళ్లలో కూడా జెల్లీ చేయడమంటే కొట్లో ప్యాకెట్ కొనడం, ఆ పొడిని వేడినీళ్లలో కలపడం, ఫ్రిజ్‌లో పెట్టడం అన్నంతవరకే చాలామందికి అలవాటు. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మన ఎండలకూ మన పండ్లకూ సరిపడే జెల్లీ ప్యాకెట్ పొడితో వచ్చేది కాదు. సముద్రపు నాచు నుంచి తీసే చైనా గ్రాస్‌లో, అంటే అగర్ అగర్‌లో, అసలు పండు గుజ్జు కలిపి ఇంట్లో చేసుకునేదే మనకు తగిన జెల్లీ. ఇది నా ఇష్టాన్ని బట్టి చెబుతున్న మాట కాదు. ఏ పదార్థం ఎంత వేడి దగ్గర పేరుకుంటుంది, ఎంత వేడి దగ్గర కరుగుతుంది, ఏ పండులో ఏ గుణం ఉంది అన్న లెక్కలు దీని వెనక ఉన్నాయి. ఆ లెక్కలు అర్థమైతే వంటల పుస్తకం తెరవకుండానే జెల్లీ చేయవచ్చు. చెడితే ఎందుకు చెడిందో కూడా చెప్పవచ్చు.

ముందుగా జెల్లీ అంటే ఏమిటో చూద్దాం. వందపాళ్ల జెల్లీలో ఎక్కువ భాగం నీళ్లూ, పండు రసమూ, పంచదారే. ఆ నీటిని కదలకుండా పట్టి ఉంచే పదార్థం మాత్రం చాలా తక్కువ. పొడుగాటి గొలుసుల్లాంటి అణువులు వేడినీటిలో విడివిడిగా తేలుతుంటాయి. చల్లారేకొద్దీ ఒకదానితో ఒకటి మెలికపడి వలలా అల్లుకుంటాయి. ఆ వల కన్నుల్లో నీరు చిక్కుకుపోతుంది. అందుకే జెల్లీ గట్టిదీ కాదు, ద్రవమూ కాదు. ఇలా వల అల్లే పదార్థాలు వంటింటి పరిధిలో ముఖ్యంగా మూడున్నాయి. మొదటిది జెలటిన్. పశువుల చర్మాలూ ఎముకల్లో ఉండే కొల్లాజెన్‌ను ఉడికించి తీసే మాంసకృత్తి ఇది. రెండోది పెక్టిన్. జామకాయలో, నిమ్మజాతి పండ్ల తొక్కల్లో సహజంగానే ఉంటుంది. జామ జెల్లీ సీసాలో గట్టిపడేది దీనివల్లే. కాని మామూలు పెక్టిన్ పేరుకోవాలంటే పులుపు కావాలి, పాకంలో పంచదార నూటికి అరవై పాళ్ల వరకూ ఉండాలి. బ్రెడ్డు మీద పలచగా రాసుకోవడానికి అది సరే, గిన్నెడు తినే వంటకానికి ఆ పంచదార పనికిరాదు. కాబట్టి పెక్టిన్‌ను పక్కన పెడదాం. మూడోది అగర్. సముద్రంలో పెరిగే కొన్ని ఎర్రనాచుల నుంచి తీసే పిండిపదార్థం వంటిది, మాంసకృత్తి కాదు. అసలు పోటీ జెలటిన్‌కూ అగర్‌కూ మధ్యనే.

ఈ పోటీలో మొదటి తీర్పు ఇచ్చేది ఎండ. జెలటిన్ పేరుకోవడానికి ఫ్రిజ్ చల్లదనం కావాలి. పేరుకున్నాక 30 డిగ్రీలు దాటితే కరగడం మొదలుపెడుతుంది. చల్లటి దేశాల్లో ఇది గొప్ప సుగుణం. నోట్లో పెట్టుకోగానే ఒంటి వేడికి కరిగి గొంతులోకి జారుతుంది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో ఇదే గుణం చేటు. వంటింట్లోనే 38, 40 డిగ్రీలుంటే ఫ్రిజ్ నుంచి తీసిన జెలటిన్ జెల్లీ నలుగురికీ పంచేలోగా అంచులు జారి, పళ్లెంలో మడుగు కడుతుంది. అగర్ కథ వేరు. అది నీళ్లలో పూర్తిగా కరగాలంటే మరగాలి. చల్లారుతూ 40 నుంచి 32 డిగ్రీల మధ్యకు వచ్చేసరికి పేరుకుంటుంది. ఒకసారి పేరుకున్నాక మళ్లీ కరగాలంటే దాదాపు 85 డిగ్రీల వేడి తగలాలి. పేరుకునే వేడికీ కరిగే వేడికీ మధ్య ఇంత దూరం ఉండటం వంట పదార్థాల్లో అరుదు. మన వేసవి ఎంత మండినా ఆ దూరాన్ని దాటలేదు. అంటే మరీ మండే రోజుల్లో తప్ప అగర్ జెల్లీకి ఫ్రిజ్ అవసరం పేరుకోవడానికి కాదు, చల్లబడటానికే. కరెంటు పోయినా ఆకారం చెడదు.

ఈ తేడా ఎంత ముఖ్యమైనదో తెలుసుకోవడానికి సైన్సు చరిత్రలోనే ఒక రుజువుంది. 1881లో వాల్తర్ హెస్ అనే జర్మన్ వైద్యుడు బెర్లిన్‌లో రాబర్ట్ కోహ్ దగ్గర సూక్ష్మజీవుల మీద పని చేస్తున్నాడు. సూక్ష్మజీవులను పెంచడానికి వాళ్లు వాడే పోషక ద్రవాన్ని జెలటిన్‌తో గడ్డకట్టించేవారు. వేడి ఎక్కువైతే అది కరిగిపోయేది. మనిషి ఒంటి వేడి దగ్గర పెరిగే క్రిములను పెంచాలంటే 37 డిగ్రీలు ఉండాలి. ఆ వేడికి జెలటిన్ నిలవదు. పైగా కొన్ని సూక్ష్మజీవులు జెలటిన్‌నే తినేసి నీరు చేసేవి. హెస్ భార్య ఫ్యానీ ఆయన పనిలో సాయం చేసేది, ప్రయోగాలకు బొమ్మలు వేసిపెట్టేది. తన వంటింట్లో జెల్లీలూ పుడ్డింగులూ వేసవిలో కూడా కరగకుండా ఉండటానికి ఆమె అగర్ వాడేది. జావాలో నివసించి వచ్చిన ఒక డచ్చి కుటుంబం ద్వారా ఆమెకు ఈ కిటుకు తెలిసిందని చెబుతారు. ఇదే వాడి చూడమని భర్తకు సలహా ఇచ్చింది. మరుసటి ఏడు, 1882లో, క్షయ క్రిమిని కనుగొన్నట్టు ప్రకటించిన వ్యాసంలో కోహ్ అగర్‌ను ప్రస్తావించాడు గాని ఆ సలహా ఎవరిదో చెప్పలేదు. ఈనాటికీ ప్రపంచమంతటా ఆసుపత్రి ల్యాబుల్లో సూక్ష్మజీవులను ఎక్కువగా పెంచేది అగర్ పళ్లాల మీదే. అంటే వేడి ఉన్న చోట అగర్ జెలటిన్ కంటే మేలని తేల్చింది ప్రయోగశాల కాదు, ఉష్ణదేశపు వంటిల్లు. ఆ వంటిళ్ల వరుసలోనే మన వంటిల్లూ ఉంది. అయినా చలిదేశపు పద్ధతిని ప్యాకెట్‌లో కొనుక్కోవడం విడ్డూరంగానే ఉంది.

రెండో తీర్పు పండ్లది. అనాసలో బ్రోమెలైన్, బొప్పాయిలో పపైన్ అనే ఎంజైములుంటాయి. అంజూరలోనూ, ఈమధ్య ప్రతి పళ్ల దుకాణంలోనూ కనిపిస్తున్న కివీలోనూ ఇటువంటివే ఉన్నాయి. ఇవన్నీ మాంసకృత్తులను ముక్కలు చేస్తాయి. ముదురు మాంసం ఉడకడానికి పచ్చి బొప్పాయి ముక్క వేసేది అందుకే. జెలటిన్ కూడా మాంసకృత్తే కదా! తాజా అనాస ముక్కలు వేసిన జెలటిన్ రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచినా పేరుకోదు. వల అల్లుకుంటున్నకొద్దీ ఎంజైమ్ దాన్ని తెంపేస్తూ ఉంటుంది. డబ్బాలో నిలవచేసిన అనాస అయితే పేరుకుంటుంది, ఎందుకంటే డబ్బాలో పెట్టేటప్పుడు వేడి చేయడంతో ఎంజైమ్ చచ్చిపోతుంది. అగర్‌లో మాంసకృత్తి లేదు గనక ఈ ఎంజైములకు దానిమీద పని లేదు. తాజా అనాస, పండు బొప్పాయి నిర్భయంగా వేయవచ్చు. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. పాలతో చేసే జెల్లీలో వీటిని పచ్చిగా కలిపితే ఎంజైమ్ పాలలోని మాంసకృత్తుల మీద పడి చేదు పుట్టిస్తుంది. పాలతో కలపాలంటే అనాస ముక్కలను ముందు కొంచెం పంచదారతో ఉడికించి చల్లార్చుకోవాలి.

మూడో తీర్పు ప్యాకెట్ వెనకే రాసి ఉంటుంది. పదార్థాల పేర్లు ఎక్కువ బరువున్న దానితో మొదలుపెట్టి వరుసగా రాయాలన్నది మన దేశపు నిబంధన. జెల్లీ పొడి ప్యాకెట్‌ను తిప్పి చూస్తే ఆ వరుసలో మొట్టమొదట ఉండేది దాదాపు ఎప్పుడూ పంచదారే. ఆ తర్వాత గడ్డకట్టించే పదార్థం, పులుపు కోసం యాసిడ్, పండు వాసన వచ్చే ఫ్లేవర్, రంగు. ఆకుపచ్చ చుక్క ఉంటే జెలటిన్ లేదని అర్థం. అప్పుడు సాధారణంగా కారగీనన్ అనే మరో నాచు పదార్థం ఉంటుంది, ప్యాకెట్ మీద దాని సంఖ్య 407. అగర్ సంఖ్య 406. రంగుల వరుసలో 102, 110, 122, 124 వంటి సంఖ్యలు కనిపిస్తే అవి కృత్రిమ రంగులు. మన దేశంలో ఆహారంలో వాడటానికి అనుమతించిన కృత్రిమ రంగులు ఎనిమిదే. వాటికీ మోతాదు పరిమితి ఉంది. కాబట్టి ప్యాకెట్ జెల్లీ విషమని నేను అనను. నా అభ్యంతరం వేరే ఉంది. పండు పేరుతో పండు లేని దాన్ని తినిపిస్తున్నాం. బంగినపల్లి, చిన్నరసం, బత్తాయి, దానిమ్మ చేతికందే నేలమీద మామిడి వాసనను పొడి రూపంలో కొనడం ఎందుకు? శాకాహారుల ఇళ్లలో పిల్లలకు జెలటిన్ సంగతి చెప్పకుండా పెట్టడమూ జరుగుతోంది. చుక్క చూసి కొనడం అలవాటు చేసుకుంటే ఆ పొరపాటు జరగదు.

ఇక తయారీ. మామిడితో చెబుతాను, తక్కిన పండ్లకు మార్పులు తర్వాత. పోగుల రూపంలో దొరికే చైనా గ్రాస్ 10 గ్రాముల ప్యాకెట్ ఒకటి, నీళ్లూ గుజ్జూ కలిపి ఒక లీటరుకు సరిపోతుంది. పోగులను కత్తెరతో చిన్నగా కత్తిరించి, అర లీటరు నీళ్లలో అరగంట నానబెట్టండి. నానిన నీళ్లతోనే పొయ్యి మీద పెట్టి, సన్నని సెగ మీద కలుపుతూ మరిగించండి. ఎనిమిది, పది నిమిషాల్లో పోగులు కనబడకుండా కరిగిపోతాయి. ఇక్కడ తొందరపడితే మొత్తం చెడుతుంది. గరిటతో పైకెత్తి వెలుతురులో చూడండి. దారంలాంటి తునక ఒక్కటి కనిపించినా ఇంకా మరగాలి. కరగని అగర్ పేరుకోదు, నోటికి పీచులా తగులుతుంది. చైనా గ్రాస్ పనిచేయలేదని చెప్పే ఇళ్లలో నూటికి తొంభై చోట్ల జరిగేది ఇదేనని నా అనుమానం. పంచదార అగర్ పూర్తిగా కరిగాకే వేయాలి. ముందే వేస్తే నీటి కోసం రెండూ పోటీపడి అగర్ ఆలస్యంగా కరుగుతుంది. బంగినపల్లి బాగా మాగినదైతే లీటరుకు 50 గ్రాముల పంచదార చాలు. దింపి, జల్లెడలో ఒకసారి వడకట్టండి. పొడి రూపంలో దొరికే అగర్ అయితే నానబెట్టనక్కర్లేదు. చల్లటి నీటిలో కలిపి మరిగిస్తే చాలు. అది కొంచెం బలమైనది, లీటరుకు ఎనిమిది గ్రాములతో మొదలుపెట్టవచ్చు.

గుజ్జు కలపడంలో ఒక సూక్ష్మం ఉంది. పండు రసాన్ని అగర్‌తో కలిపి మరిగించకూడదు. దానికి రెండు కారణాలు. పులుపులో ఎక్కువసేపు మరిగితే అగర్ గొలుసులు తెగిపోతాయి, జెల్లీ మెత్తబడుతుంది. రెండోది, పండు తాజా వాసనా విటమిన్ సీ వేడికి పోతాయి. అలాగని ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి గుజ్జు పోయకూడదు. పోసిన చోటల్లా వేడి ఒక్కసారిగా 40 డిగ్రీల కిందికి పడిపోయి, అక్కడికక్కడే ఉండలు కట్టేస్తుంది. గుజ్జు గది వేడిలో ఉండాలి, అగర్ నీళ్లు చెయ్యి కాలేంత కాకపోయినా బాగా వేడిగా ఉండాలి. రెండూ కలిపి గబగబా తిప్పి, అంచున్న స్టీలు పళ్లెంలోనో గాజు గిన్నెలోనో పోయండి. పోయక ముందు ఒక పరీక్ష చేసుకోవచ్చు. ఒక చెంచాడు మిశ్రమాన్ని చల్లటి పళ్లెం మీద వేసి రెండు నిమిషాలు చూడండి. వేలితో నొక్కితే నిలిచి మెల్లగా వణకాలి. మరీ గట్టిగా ఉంటే కొంచెం రసం, మరీ పలచగా ఉంటే ఇంకొంచెం అగర్ మరిగించి కలపాలి. తెల్లారి చూస్తే పేరుకోలేదనుకోండి, పారబోయనక్కర్లేదు. విడిగా చిక్కటి అగర్ మరిగించి, పాత మిశ్రమాన్ని వేడి చేసి కలిపితే మళ్లీ పేరుకుంటుంది. జెలటిన్‌కైనా ఈ వెసులుబాటు కొంత ఉంది గాని ఎంజైమ్ తినేసిన జెలటిన్‌కు లేదు. గది వేడిలోనే గంటలోపు పేరుకున్నాక ఫ్రిజ్‌లో రెండు మూడు గంటలుంచితే చాలు. డీప్ ఫ్రీజర్‌లో మాత్రం పెట్టవద్దు. మంచు పలుకులు వలను చింపేస్తాయి, కరిగాక నీరు వేరుపడి స్పంజి మిగులుతుంది. విచిత్రమేమిటంటే జపానులో సంప్రదాయంగా అగర్ పోగులు తయారయ్యేది సరిగ్గా ఇలాగే. ఉడికిన నాచు జెల్లీని చలికాలపు రాత్రుల్లో ఆరుబయట గడ్డకట్టించి, పగటి ఎండకు నీరు కార్చి ఎండబెడతారు. పదిహేడో శతాబ్దంలో ఒక సత్రంలో మిగిలిపోయిన నాచు వంటకాన్ని బయట పారేస్తే ఈ పద్ధతి బయటపడిందని అక్కడ ఒక కథ ప్రచారంలో ఉంది.

పండును బట్టి కొన్ని మార్పులు చేసుకోవాలి. రసాల గుజ్జులో పీచు ఉంటుంది, వడకట్టాలి. బంగినపల్లి, కలెక్టరు గుజ్జుకు ఆ పని లేదు. బత్తాయి రసానికి మరో చిక్కుంది. పిండిన కాసేపటికి, ముఖ్యంగా వేడి తగిలితే, చేదెక్కుతుంది. గింజలూ తొనల మీది తెల్లటి పొరలూ నలగకుండా పిండి, అప్పటికప్పుడు అన్నిటికంటే చివర కలిపితే ఆ చేదు చాలావరకు తప్పుతుంది. పుచ్చకాయ రసంలో పులుపు లేదు, తీపి కూడా పలచన. సగం నిమ్మచెక్క పిండితేగాని దానికి ప్రాణం రాదు. నేరేడు గుజ్జు రంగుకే చెయ్యాలనిపిస్తుంది, వగరు విరగడానికి చిటికెడు ఉప్పు వేయవచ్చు. పచ్చిమామిడిని ఉడికించి బెల్లం, యాలకులు కలిపిన పానకంతో చేసిన జెల్లీ నా దృష్టిలో వీటన్నిటికంటే మేలైనది. పులుపు ఎక్కువ గనక అగర్ రెండు గ్రాములు పెంచుకోవాలి.

ఇక అభ్యంతరాలు. అన్నిటికంటే బలమైనది రుచి తెలిసినవాళ్లు చెప్పేదే. జెలటిన్ జెల్లీ నోట్లో కరుగుతుంది, అగర్ జెల్లీ పుటుక్కున తెగుతుంది, కరగదు అంటారు. ఇది నిజం. 85 డిగ్రీలకు గాని కరగనిది నోట్లో ఎలా కరుగుతుంది? కాని మనం తినే అగర్ జెల్లీ చాలావరకు అవసరానికి మించి అగర్ వేసి చేసింది. ముక్కలు నిటారుగా నిలబడాలన్న ఆశతో లీటరుకు పదిహేను, ఇరవై గ్రాములు వేస్తే అది రబ్బరే అవుతుంది. ముక్కలుగా కోయాలన్న పట్టుదల మానేసి, గిన్నెలోనే చెంచాతో తినేలా లీటరుకు ఆరేడు గ్రాములే వేసి చూడండి. గుజ్జు చిక్కగా ఉన్న మామిడి, సీతాఫలం, అరటి వంటి పండ్లతో, లేదా కొబ్బరిపాలతో చేస్తే ఆ తెగే గుణం ఇంకా తగ్గుతుంది. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. పలచటి నిమ్మరసాన్ని అద్దంలా పేరబెట్టి నోట్లో కరిగించే పని జెలటిన్‌దే. అక్కడ అగర్ దానికి సాటిరాదు. మాంసాహారులై, ఇంట్లో ఏసీ ఉండి, అటువంటి జెల్లీయే కావాలనుకునేవారికి నా వాదన వర్తించదు.

మరొక అభ్యంతరం ఆరోగ్యం పేరుతో వస్తుంది. పండును పండులా తినక ఈ తంటా ఎందుకు, అగర్‌లో పోషకాలేమున్నాయి అని అడుగుతారు. పండును పండులా తినడమే మేలు. అందులో సందేహం లేదు. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో రోజుకు 100 గ్రాముల పండ్లు తినమంది. రసం తాగమనలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పండ్ల రసంలోని చక్కెరను కలిపిన చక్కెరతో సమానంగానే లెక్కిస్తుంది. అందుకే నేను వడకట్టిన రసం కంటే గుజ్జూ, తరిగిన ముక్కలూ వేయమంటాను. అగర్ ఒంటికి అరగని పీచు. దానివల్ల శక్తి దాదాపు రాదు. అదేమీ లోపం కాదు. అసలు ప్రశ్న జెల్లీకీ మామిడిపండుకీ మధ్య కాదు, భోజనం తర్వాత పిల్లలు అడిగే చల్లటి తీపికి ఇంట్లో ఏం పెడతామన్నది. పావు లీటరు కూల్‌డ్రింకులో దాదాపు 26 గ్రాముల పంచదార ఉంటుంది. పైన చెప్పిన లీటరు మామిడి జెల్లీని పదిమందికి పంచితే ఒక్కొక్కరికి చేరే అదనపు పంచదార 5 గ్రాములు. చల్లదనం నాలుకకు తీపిని తగ్గించి చూపుతుంది గనక ఫ్రిజ్ నుంచి తీసిన వెంటనే తింటే చప్పగా అనిపించి, వచ్చేసారి పంచదార పెంచాలనిపిస్తుంది. పెంచకండి. పది నిమిషాలు బయట ఉంచి తినండి. కరగదు కాబట్టి ఆ పది నిమిషాల వల్ల నష్టం లేదు.

ఇది మన వంటకం కాదన్నవాళ్లకు చెప్పేది తక్కువే. వేసవిలో తాటిముంజలు తినే జాతికి జెల్లీ కొత్తదెలా అవుతుంది? ముంజలో ఉన్నదీ నీటిని పట్టి ఉంచే పిండిపదార్థపు వలే, చెట్టు అల్లినది. షర్బతులో సబ్జాగింజలు ఉబ్బి జిగురు పొర కట్టేదీ అదే తరహా పని. హైదరాబాదు ఇళ్లలో రంజాన్ నెలలో పాలతో చైనా గ్రాస్ చేసుకోవడం మామూలే. ఆ పోగులకు ముడిసరుకైన నాచు కూడా దూరదేశానిది కానక్కర్లేదు. తమిళనాడులో రామేశ్వరం, పాంబన్ ప్రాంతాల్లో, మన్నార్ సింధుశాఖ తీరంలో, ఆడవాళ్లు ఊపిరి బిగబట్టి నీటిలో మునిగి రాళ్ల మీది నాచును చేత్తో కోసి తెస్తారు. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ నుంచి అగర్ రావడం ఆగిపోయినప్పుడు చాలా దేశాలు సొంత తీరాల్లో నాచు వెతుక్కోవలసి వచ్చింది. తీరాన నాచు దొరికే దేశంలో ఉండి దాన్ని పరాయిదనడం న్యాయం కాదు.

చివరగా రెండు జాగ్రత్తలు. ఎండకు కరగదు కదా అని ఈ జెల్లీని బయట ఉంచేయకూడదు. అగర్ నిలవచేసే మందు కాదు. పోషకాలు కలిపిన అగర్ మీద సూక్ష్మజీవులు హాయిగా పెరుగుతాయని కోహ్ ప్రయోగశాల నిరూపించింది. మామిడి గుజ్జు కలిపిన అగర్ వాటికి మంచి విందే. పేరుకున్న వెంటనే మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, రెండు రోజుల్లో తినేయండి, పాలు కలిపితే మరుసటి రోజుకే. కరెంటు కోత రెండు గంటలైతే పరవాలేదు, పగలంతా లేకపోతే తినవద్దు. రెండోది పసిపిల్లల సంగతి. నోట్లో కరగదన్న గుణమే ఇక్కడ ప్రమాదం. చిన్న కప్పుల్లో పోసిన గుండ్రటి గట్టి జెల్లీలను పిల్లలు ఒక్కసారిగా పీల్చి మింగబోతే గొంతుకు అడ్డం పడి ప్రాణాలు పోయిన సంఘటనలు కొన్ని దేశాల్లో జరిగాయి. అందుకే 2004లో యూరపు దేశాలు నాచు పదార్థాలతో చేసిన అటువంటి చిన్నకప్పు జెల్లీల అమ్మకాన్నే ఆపేశాయి. కాబట్టి ఐదేళ్ల లోపు పిల్లలకు జెల్లీని మెత్తగా చేయండి, గుండ్రటి అచ్చుల్లో పోయకండి, చెంచాతో చితిపి, కూర్చోబెట్టి, దగ్గరుండి తినిపించండి.